గోబర్ గ్యాసు గోతికీ రోజూ మేత కావాలి

కట్టడం ఒకసారి చేసే పని, మేపడం ప్రతి పూటా చేసే పని
పేడ కాలిస్తే బూడిద, గోతిలో వేస్తే మంటా గత్తమూ
సబ్సిడీ లెక్క కన్నా ముందు పేడ లెక్క, నీళ్ళ లెక్క చూసుకోవాలి

గజపతినగరం దాటి రామభద్రపురం వైపు వెళ్ళే దారిలో వుంది మా ఊరు. మా పెరటి మూల ఒక ఇనుప డ్రమ్ము బోర్లా పడి వుంది. మనిషి కాళ్ళు చాపుకొని పడుకొనేంత వెడల్పు. ఒంటి నిండా తుప్పు. ఒక పక్క చేయి దూరేంత చిల్లు. వానకు తడవకుండా కోళ్ళు దాని కిందకు చేరతాయి. పిల్లలు దాన్ని రాయితో కొట్టి డప్పు వాయిస్తారు.

అది మా తాత 1986లో కట్టించిన గోబర్ గ్యాస్ ప్లాంటు తాలూకు డ్రమ్ము. అప్పట్లో మా వీధిలో గ్యాసు మంట మీద అన్నం వండిన మొదటి ఇల్లు మాదే. ఆ నీలిరంగు మంట చూడడానికి చుట్టుపక్కల ఆడవాళ్ళు వంటింటి గుమ్మం దాకా వచ్చేవారట. నాకు ఊహ వచ్చేనాటికి మంట చిన్నదైంది. నేను బడిలో చేరిన కొన్నేళ్ళకు ఆరిపోయింది. పొగ మళ్ళీ ఇంట్లోకి వచ్చింది.

ఇలాంటి డ్రమ్ములు, ఇలాంటి పాడుపడిన గోతులు మన జిల్లాల్లో ఒక్క మా ఇంట్లోనే కాదు, చాలా ఊళ్ళలో కనిపిస్తాయి. "అది మన ఊళ్ళకు పనికిరాని వస్తువు" అని కొందరు తీర్పు చెప్పేశారు. ఆ తీర్పు సరైనదేనా? వస్తువులో లోపం వుందా, మన లెక్కలో లోపం వుందా? రైతు సోదరులు, ముఖ్యంగా ఇంటి ఆడవారు ఆలోచించవలసిన విషయం ఇది.

బొంబాయిలో మొదలై పల్లెల దాకా

చెత్త, మలం, పేడ కుళ్ళినప్పుడు మండే గాలి పుడుతుందన్న సంగతి కొత్తది కాదు. 1776లో ఇటలీకి చెందిన వోల్టా అనే శాస్త్రవేత్త చెరువు అడుగు బురదను కర్రతో కలిపి, పైకి వచ్చిన బుడగల్ని పట్టి వెలిగించి చూపాడు. మన దేశంలో 1897లో బొంబాయిలోని మాతుంగ కుష్ఠురోగుల ఆశ్రమంలో మరుగుదొడ్ల మలం నుంచి గ్యాసు తీసి వాడుకున్నారు.

పేడ నుంచి గ్యాసు తీసే ప్రయత్నం 1939లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్.వి. దేశాయ్ చేశారు. ఆ తర్వాత జష్‌భాయ్ పటేల్ అనే ఆయన, గోతి మీద ఇనుప డ్రమ్ము బోర్లించి, గ్యాసు నిండినకొద్దీ డ్రమ్ము పైకి లేచే పద్ధతిని రూపొందించారు. దానికి 'గ్రామలక్ష్మి' అని పేరు పెట్టారు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1960ల మొదట్లో ఆ నమూనాను చేపట్టి దేశమంతటా ప్రచారం చేసింది. మా పెరట్లో పడి వున్న డ్రమ్ము ఆ వంశానిదే.

1973లో పెట్రోలు, కిరసనాయిలు ధరలు ప్రపంచమంతటా మండిపోవడంతో ప్రభుత్వాల చూపు పేడ మీద పడింది. డ్రమ్ముకు అయ్యే ఇనుము ఖర్చు తప్పించడానికి 1978లో ఉత్తరప్రదేశ్‌లోని అజిత్‌మల్ పరిశోధనా కేంద్రం ఇటుక గుమ్మటంతో 'జనతా' నమూనా తయారు చేసింది. 1984లో 'అఫ్‌ప్రో' అనే సంస్థ ఇంకా తక్కువ ఖర్చుతో 'దీనబంధు' నమూనా తెచ్చింది. 1981–82లో కేంద్రం జాతీయ బయోగ్యాస్ పథకం ప్రారంభించింది. మన రాష్ట్రంలో 1986లో నెడ్‌క్యాప్ ఏర్పడింది. సబ్సిడీలు, బ్యాంకు అప్పులు వచ్చాయి. మా తాత కూడా ఆ ఊపులోనే గొయ్యి తవ్వించారు.

దేశం మొత్తం మీద ఇలా కట్టిన ఇంటి ప్లాంట్ల సంఖ్య ఇప్పటికి 50 లక్షల దాకా చేరింది. కట్టినవన్నీ వెలుగుతూ వుంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే వుండేది కాదు.

గోతిలో జరిగేది ఏమిటి?

పేడ అంటే పశువు ఒకసారి అరిగించుకొని వదిలిన మేత. అందులో ఇంకా సత్తువ మిగిలి వుంటుంది. పశువు కడుపులోంచి పేడతోపాటు కంటికి కనిపించని సూక్ష్మజీవులు కూడా బయటికి వస్తాయి. పేడకు సమానంగా నీళ్ళు కలిపి, గాలి చొరని గోతిలో పోస్తే ఆ జీవులు అక్కడ కూడా తమ పని సాగిస్తాయి.

కొన్ని జీవులు పీచును, పిండి పదార్థాన్ని ముక్కలు చేస్తాయి. కొన్ని దాన్ని పులియబెట్టి పుల్లని ద్రవంగా మారుస్తాయి. మూడో రకం జీవులు ఆ పులుపును తిని మీథేన్ అనే వాయువును వదులుతాయి. గోతిలోంచి వచ్చే గాలిలో నూటికి 55 నుంచి 65 పాళ్ళు ఈ మీథేనే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం మండని బొగ్గుపులుసు వాయువు. కుళ్ళిన గుడ్డు కంపు కొట్టే మరో వాయువు చాలా కొద్దిగా వుంటుంది. మంట అంటుకొన్నాక ఆ కంపు వుండదు.

మూడో రకం జీవులు బహు సున్నితం. గాలి తగిలితే చస్తాయి. చలికి మందగిస్తాయి. పులుపు ఎక్కువైతే పని మానేస్తాయి. వీటికి 30 నుంచి 35 డిగ్రీల వేడి బాగా సరిపడుతుంది. ఆ లెక్కన భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా మన కోస్తా వాతావరణం వీటికి అనుకూలమే. మన్యం వైపు ధనుర్మాసం చలిలో మాత్రం గ్యాసు కొంత తగ్గుతుంది.

ఒక కిలో పచ్చి పేడ నుంచి సుమారు 40 లీటర్ల గ్యాసు వస్తుంది. 25 కిలోల పేడ వేస్తే ఒక ఘనపు మీటరు. ఒక మనిషి రెండు పూటల వంటకు రోజుకు పావు ఘనపు మీటరు సరిపోతుంది. అంటే 25 కిలోల పేడ నలుగురున్న ఇంటికి వంట చేసి పెడుతుంది.

పిడక కాలిస్తే పోయేది ఏమిటి?

విజయనగరం మెట్ట ఊళ్ళలో గోగు కర్ర, పిడకలు. ఉద్దానంలో కొబ్బరి మట్టలు. సముద్రపు ఒడ్డున సరుగుడు పుల్లలు. ఏజెన్సీలో అడవి నుంచి తెచ్చిన కర్రల మోపు. పొయ్యిలో పెట్టేది ఏదైనా పొగ ఒక్కటే. వంటింటి పొగ వల్ల ప్రపంచంలో 2020లో 32 లక్షల మంది కాలం తీరక ముందే చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. ఇందులో ఆడవాళ్ళకూ, వాళ్ళ ఒళ్ళోని పసిపిల్లలకూ తగిలే పొగే ఎక్కువ.

పొగ సంగతి పక్కన పెట్టి పేడ లెక్కే చూద్దాం. 25 కిలోల పచ్చి పేడను గోడకు కొట్టి ఎండబెడితే సుమారు 5 కిలోల పిడకలు అవుతాయి. మామూలు పొయ్యిలో పిడక వేడిలో నూటికి పది పాళ్ళే గిన్నెకు అందుతాయి. మిగతాది గాలికి పోతుంది. అదే పేడ నుంచి వచ్చిన గ్యాసును దానికి తగిన స్టవ్వు మీద మండిస్తే సగానికి పైగా వేడి గిన్నెకు అందుతుంది. అన్నీ చూసుకొంటే పిడకల కన్నా గ్యాసు నుంచి గిన్నెకు అందే వేడి రెండింతలకు పైమాటే.

అసలు సంగతి ఇంకొకటి వుంది. పిడక కాలితే మిగిలేది గుప్పెడు బూడిద. పేడలోని నత్రజని పొగలో కలిసిపోతుంది. భూమిలో కలవవలసిన సేంద్రియ పదార్థం మసైపోతుంది. గోతిలో వేసిన పేడ నుంచి మాత్రం మంటకు కావలసింది తీసుకొన్నాక కూడా నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు అన్నీ గుజ్జులోనే మిగిలి వుంటాయి. పేడలోని కలుపు విత్తనాలు చాలా మటుకు చచ్చిపోతాయి. ఈగలు ముసరవు. అంటే ఒకే పేడ పొద్దున్న పొయ్యికీ, తర్వాత చేనుకూ పనికొస్తుంది. పిడకకు ఆ భాగ్యం లేదు.

రోజుకు 50 కిలోలు వేసే గోతిలోకి ఏడాదికి 18 టన్నుల పేడ వెళుతుంది. ఆ మేరకు గుజ్జు బయటికి వస్తుంది. యూరియా బస్తా కోసం వరుసలో నిలబడే రైతుకు ఈ లెక్క ఇంకొకరు చెప్పనక్కరలేదు.

మరి ఎందుకు మూలపడ్డాయి?

ఇంత లాభం వున్న వస్తువు మూలపడడానికి కారణం ఏమిటని నేను మా చుట్టుపక్కల పాత ప్లాంట్లు కట్టించిన వారిని అడిగాను. "డ్రమ్ము తుప్పు పట్టింది" అని కొందరు చెప్పారు. "గుమ్మటం బీట తీసింది, రిపేరు చేసే మేస్త్రీ దొరకలేదు" అని మరికొందరు. "ఎద్దుల్ని అమ్మేశాం, ట్రాక్టరుతో దున్నిస్తున్నాం, పేడ ఎక్కడిది?" అని ఇంకొందరు. "సిలిండరు వచ్చింది కదా" అన్నవారూ వున్నారు.

ఇది మన ఊళ్ళ గోడు మాత్రమే కాదు. చైనాలో 1970లలో పల్లె పల్లెనా తవ్వించి 70 లక్షల దాకా గోతులు కట్టారు. హడావుడిగా కట్టిన వాటిలో చాలా భాగం కొద్ది ఏళ్ళకే పాడుపడ్డాయి. సంఖ్య కోసం కట్టిన గొయ్యి ఎక్కడైనా అంతే.

మా తాత ప్లాంటు విషయంలో డ్రమ్ముకు చిల్లు పడడమే కారణమని ఇన్నాళ్ళూ నేను అనుకొంటూ వచ్చాను. ఆయన బతికున్నన్నాళ్ళూ అదే చెప్పేవారు. ఏటా రంగు వేయించి వుంటే ఆ డ్రమ్ము ఇంకో పదేళ్ళు వచ్చేదని బాధపడేవారు. ఈ వ్యాసం కోసం వివరాలు రాసుకొంటూ మొన్న మా అమ్మను అడిగాను. ఆమె చెప్పింది వేరు.

"సూడు బాబూ, డ్రమ్ముకి సిల్లు పడ్డం తర్వాత మాట. అంతకు ముందే రెండు ఏసంగులు గోతికి నీలు నేవు. పొగ పోనాది గానీ బిందిలు ఎక్కువైనాయి. మీ తాతకి ఎవులు సెప్తారు?"

అమ్మ లెక్క విన్నాక నాకు అర్థమైంది. మా తాత కట్టించింది 4 ఘనపు మీటర్ల ప్లాంటు. దానికి రోజుకు 100 కిలోల పేడ కావాలి. 100 లీటర్ల నీళ్ళు కావాలి. ఆ నీళ్ళంటే తక్కువలో తక్కువ ఆరేడు బిందెలు. నుయ్యి మా ఇంటికి వీధి చివర వుంది. ఇంటికి, పశువులకు తోడే నీళ్ళు కాక ఇవి అదనం. తోడింది మా మామ్మ, మా అమ్మ. పేడ చేత్తో కలిపిందీ వాళ్ళే. ప్లాంటు ఎంత పెద్దది కట్టాలో నిర్ణయించేటప్పుడు మాత్రం వాళ్ళను ఎవరూ అడగలేదు.

మొదట్లో మా సాలలో పది పశువులు వుండేవి. తర్వాత రెండు జతల ఎద్దుల్లో ఒక జత అమ్మేశారు. ఆవులు తగ్గాయి. చివరికి నాలుగు మిగిలాయి. 100 కిలోలు తినే గోతికి 40 కిలోలు వేస్తే అది సగం ఆకలితో వుంటుంది. ఎండాకాలం నుయ్యి అడుగంటితే పేడ చిక్కగా పడి పైన తెట్టు కట్టింది. తెట్టు కట్టాక గ్యాసు పైకి రాదు. డ్రమ్ము ఎత్తి తెట్టు తీయడానికి మనుషులు కావాలి. అందరూ పొలం పనుల్లో వుంటారు. అలా రెండు వేసవులు గొయ్యి పస్తు పడుకొంది. పైకి లేవడం మానేసి ఒకేచోట వుండిపోయిన డ్రమ్ము ఆ తర్వాత తుప్పు పట్టింది.

అంటే మా ప్లాంటును చంపింది తుప్పు కాదు, ఆకలి. పశువులకు మించిన సైజు, నీళ్ళకు మించిన సైజు.

నాలుగు పశువులు, నిత్యం మంట

మా ఊళ్ళోనే, నాకు పెద్దమ్మ వరసయ్యే ఒక ఇల్లాలి ఇంట్లో దీనబంధు రకం గొయ్యి ఈనాటికీ పనిచేస్తోంది. 2 ఘనపు మీటర్లది. నాలుగు పశువులు. రెండు గేదెలు, రెండు ఆవులు. పగలు ఎక్కువ భాగం సాలలోనే కట్టి మేపుతారు కాబట్టి పేడ బయట పోదు. సాలకూ గోతికీ మధ్య పది అడుగుల దూరం. సాల కడిగిన నీళ్ళు, పశువుల మూత్రం ఒక చిన్న కాలువ ద్వారా పేడ కలిపే తొట్టిలోకే వస్తాయి. అందువల్ల విడిగా మోసే నీళ్ళు రెండు బిందెలకు మించవు.

"ఆవుకి కుడితి పెట్టినట్టే గోతికీ పెట్టాల. ఒకపూట మానేస్తే పర్లేదు గానీ, ఒక వారం మానేసి తర్వాత అంతా ఒకసారే ఏస్తే కడుపు ఉబ్బినట్టే" అంటుంది పెద్దమ్మ. ఆమె ఏ బడిలో చదవలేదు గానీ శాస్త్రవేత్తలు చెప్పేదీ అదే. ఒక్కసారిగా ఎక్కువ మేత పడితే పులుపు పెరిగి మీథేన్ చేసే జీవులు పని ఆపేస్తాయి.

ఇంట్లో పెళ్ళి వచ్చినా, పుష్కరాలకు వెళ్ళినా పక్కింటి కోడలికి చెప్పి పేడ వేయించుకొంటుంది. ప్రతిఫలంగా ఆ ఇంటికి రెండు గంపల గత్తం. ఇదే ఆమె ప్లాంటు నిలబడడానికి కారణం.

లెక్క ఇలా వేయాలి

ప్లాంటు కట్టించాలనుకొనేవారు మొదట చేయవలసింది దరఖాస్తు పెట్టడం కాదు, పేడ కొలవడం. ఒక వారం రోజుల పాటు సాలలో దొరికిన పేడను గంపతో ఎత్తి, కాటా మీద తూచి, గోడ మీద బొగ్గుతో రాసుకోవాలి. బాగా మేపిన గేదె రోజుకు 15 కిలోల దాకా వేస్తుంది. ఆవు, ఎద్దు 10 కిలోలు. కానీ పగలంతా బయట తిరిగే పశువు పేడలో సగం బీడులోనే పోతుంది. ఇంటికి చేరేదాన్నే లెక్కలో వేసుకోవాలి.

25 కిలోలు వస్తే 1 ఘనపు మీటరు ప్లాంటు. 50 కిలోలు వస్తే 2 ఘనపు మీటర్లది. అంతే. 40 కిలోలు వచ్చే ఇంటివారు 2 ఘనపు మీటర్లదానికి ఆశపడవద్దు. చిన్న గొయ్యి నిండుగా తింటే మంట నిండుగా వస్తుంది. పెద్ద గొయ్యి అరకొరగా తింటే మంటా అరకొరే.

2 ఘనపు మీటర్ల ప్లాంటు పూర్తిగా పనిచేస్తే నెలకు సుమారు 26 కిలోల సిలిండరు గ్యాసుకు సమానం. అంటే 14.2 కిలోల సిలిండర్లు రెండింటికి కాస్త తక్కువ.

రెండో లెక్క నీళ్ళది. పేడ ఎంతో నీళ్ళు అంతే. వేసవిలో, అంటే చైత్ర వైశాఖాల్లో మీ నూతిలోనో బోరులోనో నీళ్ళు వుంటాయా అన్నది చూసుకోవాలి. బియ్యం కడిగిన నీళ్ళు, సాల కడిగిన నీళ్ళు వాడవచ్చు. సబ్బు నీళ్ళు, ఫినాయిలు నీళ్ళు మాత్రం గోతిలోకి పోనివ్వకూడదు. అవి లోపలి జీవుల్ని చంపుతాయి.

మూడో లెక్క చేతులది. రోజూ పొద్దున్న అరగంట సేపు పేడ కలిపేది ఎవరు? వారిని అడిగి, వారు సరేనన్నాకే గునపం పట్టాలి.

కట్టేటప్పుడు, వాడేటప్పుడు

గొయ్యి సాలకు దగ్గరగా, వంటింటికి దగ్గరగా, ఎండ తగిలే చోట వుండాలి. తాగే నీటి నూతికి 15 మీటర్లయినా దూరం వుండాలి. పెద్ద చెట్ల పక్కన కట్టకూడదు. వేళ్ళు గుమ్మటాన్ని బీటలు తీయిస్తాయి. దీనబంధు రకానికి ఇనుప డ్రమ్ము అవసరం లేదు. కానీ గుమ్మటం కట్టడం మామూలు గోడ కట్టినట్టు కాదు. వెంట్రుకంత సందు వున్నా గ్యాసు నిలవదు. అందులో తర్ఫీదు పొందిన మేస్త్రీనే పిలవాలి. రెండు అడుగులకే నీరు ఊరే పల్లపు ఊళ్ళలో లోతు గొయ్యి తవ్వే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

మొదటిసారి గొయ్యి నింపడానికి చాలా పేడ కావాలి. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు సుమారు రెండు టన్నులు. ఇరుగుపొరుగుల దగ్గర బండ్ల మీద తెచ్చుకోవాలి. నడుస్తున్న మరో ప్లాంటు గుజ్జు నాలుగు బకెట్లు కలిపితే పాలలో తోడు వేసినట్టు పని త్వరగా మొదలవుతుంది. మొదట వచ్చే గ్యాసు అంటుకోదు. దాన్ని బయటికి వదిలేయాలి. అది చూసి నిరాశపడి "మోసపోయాం" అనుకోవద్దు.

గొట్టంలో నీరు చేరితే మంట టపటపలాడుతూ ఎగిరిపడుతుంది. గొట్టం పల్లంగా వున్న చోట పెట్టిన బిరడా తీసి నీరు వదిలితే సరిపోతుంది. సిలిండరు స్టవ్వు దీనికి సరిపోదు. ఈ గ్యాసుకు ఒత్తిడి తక్కువ కాబట్టి పెద్ద రంధ్రాల స్టవ్వు విడిగా కొనుక్కోవాలి.

ప్రాణాల మీదికి తెచ్చే పనులు రెండు వున్నాయి. గొయ్యి దగ్గర గ్యాసు వస్తోందో లేదో చూడడానికి అగ్గిపుల్ల గీయకూడదు. గాలితో కలిసిన మీథేన్ పేలుతుంది. ఎప్పుడు వెలిగించి చూసినా వంటింట్లో స్టవ్వు దగ్గరే. రెండోది, శుభ్రం చేయడానికని గోతిలోకి మనిషి దిగకూడదు. లోపలి విషవాయువుకు మనిషి ఒక్క క్షణంలో కుప్పకూలిపోతాడు. అతన్ని కాపాడబోయినవాడూ అంతే. గొయ్యి పూర్తిగా ఖాళీ చేసి, రోజుల తరబడి గాలి ఆడనిచ్చి, తెలిసిన మనిషి దగ్గరుండి చూసుకోకుండా ఎవరినీ దింపవద్దు.

బయటికి వచ్చిన గుజ్జును ఎండలో పారబోసి ఎండబెడితే నత్రజని గాలికి పోతుంది. నీటి కాలువలో కలిపి చేనుకు పారించడం మేలు. లేదా ఎండుటాకులు, గడ్డి, చోడి దంట్లు వేసిన గత్తపు గోతిలో పొరలు పొరలుగా పోసి నీడలో మాగనివ్వాలి.

సిలిండరు వుండగా ఇదెందుకు?

ఈ ప్రశ్న న్యాయమైనదే. 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో ఉజ్వల వచ్చింది. ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం–2 పథకాన్ని 2024 నవంబరు 1న ముఖ్యమంత్రి ప్రారంభించింది మన శ్రీకాకుళం జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో. పొగ నుంచి ఆడవారిని తప్పించే మాటైతే సిలిండరు గొప్ప మేలే చేసింది. పశువులు లేని ఇంటికి సిలిండరే దారి.

అయితే పశువులున్న ఇంటి సంగతి వేరు. సిలిండరు గత్తం ఇవ్వదు. ఏడాదికి మూడు సిలిండర్లు నలుగురున్న ఇంటికి ఏడాది పొడుగునా సరిపోవు. సిలిండరు వున్న ఇళ్ళలో కూడా పశువులకు కుడితి కాచడానికి, స్నానాల నీళ్ళకు పెరట్లో కట్టెల పొయ్యి వెలుగుతూనే వుంది. ఆ పొయ్యి ముందు కూర్చొనేది మళ్ళీ ఆ ఇంటి ముసలమ్మే.

ఇంకొక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చేసింది. కొబ్బరి, జీడి చెట్లు రోడ్లకు అడ్డంగా పడ్డాయి. కరెంటు స్తంభాలు వరిగిపోయాయి. అలాంటి రోజుల్లో ఊరికి లారీ రాదు. భూమిలోపల గుమ్మటం, సాలలో పశువు, తొట్టిలో పేడ వున్న ఇంటికి మాత్రం పొయ్యి వెలుగుతుంది.

కూరగాయల చెత్తా పనికొస్తుంది

గోతికి పేడ ఒక్కటే మేత కాదు. మిగిలిన అన్నం, గంజి, కూరగాయల తొక్కలు, పాడైన పండ్లు అన్నీ పనికొస్తాయి. పేడను పశువు ఒకసారి అరిగించుకొంది. అన్నంలో సత్తువ చెక్కుచెదరలేదు. కాబట్టి కిలోకు కిలో చూస్తే పేడ కన్నా అన్నం నుంచి ఎన్నో రెట్లు గ్యాసు వస్తుంది. అలాగని ఒక్కసారిగా వేస్తే పులిసిపోతుంది. పేడకు తోడుగా కొద్దికొద్దిగా వేయాలి. ఉద్దానం తోటల్లో గింజ తీసుకొని వదిలేసిన జీడిపండ్ల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు 10 టన్నుల దాకా చెత్త నుంచి గ్యాసు తీసి, సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాసు తయారు చేసే ప్లాంటు పెట్టారు. హైదరాబాదులోని ఐఐసీటీ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో పెట్టిన ఈ ప్లాంటును 2021 జనవరి 31న ప్రధాని రేడియోలో ప్రస్తావించారు. అంతకు ముందు 2018 బడ్జెట్లో కేంద్రం గోబర్‌ధన్ పథకం ప్రకటించింది. 2022లో ప్రకటించిన జాతీయ బయోఎనర్జీ కార్యక్రమంలో 2025–26 దాకా ఇంటి ప్లాంట్లకు సాయం కేటాయించారు. ఇప్పటి సబ్సిడీ వివరాలు మండల వ్యవసాయ, పశుసంవర్ధక అధికారులనో, జిల్లా కేంద్రంలోని ఇంధనాభివృద్ధి సంస్థ కార్యాలయంలోనో అడిగి తెలుసుకోవచ్చు.

ఊరుమ్మడి ప్లాంటు అనే మాట వినడానికి బాగుంటుంది. కానీ ఎవరి పేడ ఎంత, ఎవరి గ్యాసు ఎంత, పొద్దున్నే కలిపే కూలి ఎవరిది అన్నది పంచాయతీ ముందే తేల్చుకోవాలి. బోయినపల్లిలో చెత్త ప్రతిరోజూ ఒకే చోటికి వస్తుంది, చూసుకొనే మనుషులు వున్నారు. అక్కడ కూడా రహస్యం మా పెద్దమ్మ చెప్పిందే: రోజూ వేళకు మేత.

గోడ మీద బొగ్గు గీతలు

నెల రోజుల కింద మా సాలలో పేడ తూచడం మొదలుపెట్టాను. ఇప్పుడు మాకు ఒక గేదె, రెండు ఆవులు. మొదటి రోజు 27 కిలోలు. రెండో రోజు 24. వర్షం పడి పశువుల్ని బయటికి వదలని రోజు 31. వారం సగటు 27 కిలోలు. మా అమ్మ గోడ దగ్గర నిలబడి ఆ గీతల్ని లెక్కపెట్టి, "ఒకటే మీటరుది కట్టించు. రెండుది వద్దు" అంది. సాల కడిగిన నీరు తొట్టిలోకి వచ్చేటట్టు కాలువ తీయాలన్నది ఆమె పెట్టిన మొదటి షరతు. పేడ కలపడం ఒకరోజు తాను, ఒకరోజు నేను అన్నది రెండో షరతు. రెండింటికీ ఒప్పుకొన్నాను.

రోజూ సాయంత్రం పెరట్లో కుడితి కాచేటప్పుడు ఆమె దగ్గు వీధి గుమ్మం దాకా వినిపిస్తుంది. నలభై ఏళ్ళ కింద మా తాత ఆశపడింది తప్పు కాదు. ఆయన సాలలోని పశువులనూ, నుయ్యి దగ్గరి ఆడవాళ్ళనూ లెక్కలో వేసుకోలేదు, అంతే.

సంక్రాంతి పండగ అయ్యాక మేస్త్రీ వస్తానన్నాడు. పాత డ్రమ్మును తూకానికి అమ్మేయమని ఇరుగుపొరుగులు అంటున్నారు. అమ్మ మాత్రం, కోళ్ళకు గూడుగా వుండనివ్వమంది.